రాయాలంటే ఫహద్ భాయ్‌కి భయం

ఫహద్ భాయ్‌కి భయపడటం తప్ప వేరే అలవాటు లేదు. నాలుక కాలుతుందని చాయ్ తాగడు. మధ్యలో ఆగుతుందని లిఫ్ట్ ఎక్కడు. మెసేజ్ పంపితే చేరిందా అని ఫోన్ చేస్తాడు. చేరిందన్నా నమ్మకం కుదరక మన కుర్చీ దగ్గరికొచ్చి చూసుకుని పోతాడు.

తొండుపల్లిలో విమానాలు నెత్తి మీది నుంచే దిగే ఓ మేడ మీద మా ఆఫీసు. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపిస్తే దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. దాని డిస్కంతా ఒకే పెద్ద ఫైల్‌లో ఇమిడిపోతుంది. ఆ డిస్క్ ఇమేజ్‌ని తెరిచి లోపలున్నది చదివే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్, మేం తయారుచేస్తాం. కొత్త వెర్షన్‌లో ఏమేం పెట్టాలో తేల్చడానికి మా బాస్ గోవర్ధన్ సార్ అందర్నీ కూర్చోబెట్టారు.

ఇమేజ్ చదవడమే కాదు, అందులో రాయడం కూడా రావాలన్నారు సార్. రాస్తుంటే కరెంటు పోతే అన్నాడు ఫహద్ భాయ్. ఇమేజ్ సైజు పెంచే వీలుండాలన్నారు. పెంచుతుంటే జాగా చాలకపోతే అన్నాడు. పోనీ నీకేం కావాలో చెప్పమన్నారు సార్ విసుక్కుంటూ. చెబితే కోప్పడతారేమోనని భయంగా ఉందన్నాడు. మీటింగ్ అక్కడితో ముగిసింది.

రాసే కోడ్ పని కొత్తగా చేరిన సంతోషికి అప్పగించారు. ఆ పిల్లకిది మొదటి ఉద్యోగం. ఏ బటన్ నొక్కాలన్నా వేళ్లు వణికేవి.

ఇంతలో పాల్మాకులలో ఫోటో స్టూడియో నడిపే ఐలయ్య తన కంప్యూటర్ పాడైపోయిందని, లోపలున్నవి తీసిపెట్టమని దాని డిస్క్ ఇమేజ్ పట్టుకొచ్చాడు. ఊళ్లోవాళ్ల పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. మర్నాడు సంతోషి తన కోడ్‌ని పరీక్షించుకునే ఉత్తుత్తి ఫైల్ అనుకుని దాన్నే తెరిచి, దాని మీదే రాయించేసింది. ఫోటోల ఫోల్డర్ ఖాళీ అయిపోయింది.

"అన్నా, పెండ్లిళ్లన్ని పోయినయ్," అంది నాతో. ఆ ఊరికి ఏమని చెప్పాలి?

అప్పుడే గోవర్ధన్ సార్ వచ్చి, ఖాళీ ఫోల్డర్ చూసి, ఎవరు చేశారని అడిగారు. సార్ దగ్గితేనే ఉలిక్కిపడే ఫహద్ భాయ్ లేచి నిలబడ్డాడు.

"నేనే సార్."

"నువ్వా? ఫైల్ తెరవనీకే ఇద్దర్ని తోడు పిలుస్తవు గద."

భాయ్ కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు కానీ కూర్చోలేదు. నేనే అని ఇంకోసారి అన్నాడు. సంతోషి ఏడుస్తూ, కాదు, నేనే అంది.

అప్పుడు భాయ్ ఆమె కీబోర్డు మీద ఏదో టైప్ చేసి, చివరి బటన్ మాత్రం నొక్కలేకపోయాడు. "నువ్వే నొక్కమ్మా. పనిచెయ్యకపోతే నేను చూడలేను," అని కళ్లు మూసుకున్నాడు.

ఆమె నొక్కింది. తెర మీద తెలుగులో అక్షరాలు వచ్చాయి: పరేషాన్ గావద్దు. అసలు ఫైల్ భద్రంగ ఉంది. జర నీళ్లు తాగి మళ్ల మొదలువెట్టు.

ఫోటోలన్నీ తిరిగొచ్చాయి. ఆమె కోడ్ కింద భాయ్ ఎవరికీ చెప్పకుండా ఒక పొర పెట్టాడట. ఏం రాసినా అది పక్కనున్న వేరే ఫైల్‌లోకి పోతుంది, అసలు ఫైల్‌ని తాకదు. పక్క ఫైల్ తీసి పారేస్తే అంతా ఎప్పటిలాగే ఉంటుంది.

ఎందుకు పెట్టావని సార్ అడిగారు.

"పిల్ల చేతులు వణుకుతుంటే చూసిన సార్. ఆఫీసుల భయపడెటోడు నేనొక్కణ్ని చాలు గద."

కొత్త వెర్షన్‌లో అదే అన్నిటికంటే ముందు పెడదామన్నారు సార్. కాకపోతే కస్టమర్లు నవ్వుతారు, తెర మీద వచ్చే ఆ మాటలు మార్చమన్నారు.

ఫహద్ భాయ్ చెమట తుడుచుకుని, గోడకు ఆనుకుని, మెల్లగా అన్నాడు.

"మార్చను సార్."