ఉప్పు నీళ్లేగా!

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనల్ని ఎవరు మెచ్చుకున్నా చెవికి ఇంపుగానే ఉంటుంది. ఎందుకు మెచ్చుకుంటున్నారో ఆలోచించే తీరిక ఉండదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బీఈడీ పూర్తిచేసి, రోజూ పెడనలో ప్యాసింజరు రైలెక్కి గుడివాడలో దిగి, ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. స్కూలుకి తెచ్చుకున్న క్యారేజీలో నేను చేసిన గుత్తి వంకాయ కూర ఒకసారి కరస్పాండెంటు గారి దాకా వెళ్లింది. ఆయన స్టాఫ్ మీటింగులో అందరి ముందూ, "మన లెక్కల మేడం చేతిలో అమృతం ఉందండీ" అన్నారు. నేను సిగ్గుపడి, తలొంచుకుని, ఇంటికెళ్లి అమ్మకు చెప్పి, పక్కింటి పిన్నికి కూడా చెప్పాను. పదో తరగతిలో నా సబ్జెక్టులో అందరూ పాసైన సంగతి ఆ మీటింగులో ఎవరూ ఎత్తలేదని అప్పుడు నాకు తట్టనే లేదు. (అంత తెలివైనదాన్ని, పిల్లలకు రీజనింగ్ కూడా చెప్పేదాన్ని.)

ఆ స్కూల్లో టీచర్లలో ఎక్కువమందిమి ఆడవాళ్లమే. మగవాళ్లు నలుగురో అయిదుగురో ఉండేవారు. పాఠాలు అందరం ఒకలాగే చెప్పేవాళ్లం. కానీ జెండా పండక్కి ముగ్గులు వేయడం, ముఖ్య అతిథికి హారతి పళ్లెం పట్టుకోవడం, కరస్పాండెంటు గారి అమ్మాయి పుట్టినరోజుకు బెలూన్లు ఊదడం, ఇవన్నీ 'లేడీస్ స్టాఫ్' పనులు. 'ఏర్పాట్లు చూసుకోవడం' జెంట్స్ పని. వాళ్లు నిజంగానే చూసేవారు. నిలబడి, చేతులు కట్టుకుని, మేం చేస్తుంటే చూసేవారు. అందులో సోషల్ సార్ మహిళా దినోత్సవం రోజు మైకు పట్టుకుంటే స్త్రీ స్వేచ్ఛ గురించి గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవాడు. ఆ సభకు కుర్చీలు వేసిందీ, ఆయన గొంతు తడుపుకోవడానికి టీ అందించిందీ మేమే.

ఆ ఏడాది కార్తీక మాసంలో స్టాఫ్ అంతా వనభోజనాలకు వెళ్లాలన్నారు. స్కూలు బస్సులో మోపిదేవిలో స్వామి దర్శనం చేసుకుని, హంసలదీవి దగ్గర ఎవరిదో తోటలో భోజనాలు, సాయంత్రం పాలకాయతిప్ప బీచి అని ప్రోగ్రాం. "వంటకి మనిషిని మాట్లాడదామా సార్?" అని ఎవరో అడిగితే కరస్పాండెంటు గారు నవ్వి, "ఇంతమంది లేడీసుండగా వంటమనిషెందుకండీ? లెక్కల మేడం గుత్తి వంకాయ ఉంటే చాలు" అన్నారు. నేను మళ్లీ సిగ్గుపడ్డాను.

బస్సులో అందరికంటే ఉషారుగా ఉన్నది మా తెలుగు మేడం. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ గొంతెత్తి ఎరగదు. కిటికీ పక్కన కూర్చుని, అవనిగడ్డ దాటినప్పట్నుంచీ, "ఇంకెంత దూరమే?" అని నన్ను గోకుతూనే ఉంది. ఎందుకంత ఆత్రం అంటే చెవిలో చెప్పింది, తను ఇంతవరకూ సముద్రం చూడలేదట. గుడివాడలో పుట్టి, గుడివాడలోనే మెట్టిన మనిషి. బందరు ఎంత దూరమని? "కార్తీక పున్నమికి మావాళ్లంతా సముద్ర స్నానానికి వెళ్లేవారే. వచ్చేసరికి వేడి వేడిగా వంట సిద్ధంగా ఉండాలిగా, నేను ఆగిపోయేదాన్ని" అంది. మామూలుగా చెప్పింది. నేనూ మామూలుగానే విన్నాను.

తోటలో ఉసిరి చెట్టు కింద పూజ కాగానే మేం పుల్లల పొయ్యిలు రాజేశాం. కొంతమందిమి కూరలు తరుగుతుంటే కొంతమందిమి పొగలో కళ్లు తుడుచుకుంటున్నాం. జెంట్స్ కాసేపు పేకాడారు. తర్వాత అందరూ లేచి, తువ్వాళ్లు భుజాన వేసుకుని, "అలా ఏర్పాట్లు చూసొస్తాం" అని బస్సెక్కి వెళ్లిపోయారు. వంట పూర్తయ్యేసరికి తిరిగొచ్చారు. మొదటి బంతిలో వాళ్లే కూర్చున్నారు. మేం వడ్డించాం. సోషల్ సార్ నా గుత్తి వంకాయ నాలుగోసారి వేయించుకుంటూ, "మేడం, ఉప్పు ఒక రవ్వ తగ్గింది" అన్నాడు. మా బంతికి మిగిలింది సాంబారూ, మజ్జిగా, అడుగంటిన పరమాన్నం. సరే, ఆడవాళ్లకు అది అలవాటే కదా అని తిన్నాం. తిని చేతులు కడుక్కుంటుండగా కరస్పాండెంటు గారు వాచీ చూసుకుని, "త్వరగా సామాన్లు తోమేసి సర్దేయండమ్మా, బయల్దేరదాం. చీకటిపడితే లేడీసుతో ప్రయాణం మంచిది కాదు" అన్నారు.

"మరి బీచి సార్?" అంది తెలుగు మేడం.

"వచ్చే ఏడాది చూద్దాంలెండి. మేం పొద్దున వెళ్లి చూసొచ్చాంగా. పెద్దగా ఏం లేదక్కడ."

పొద్దున ఆ తువ్వాళ్లు ఎందుకో అప్పుడు అర్థమైంది. పక్కనే సరుగుడు చెట్ల మధ్య కట్టిన తాడు మీద అవి వరసగా ఆరుతున్నాయి. మేం పొగలో దగ్గుతుంటే వీళ్లు సముద్రంలో మునకలేసి వచ్చారన్నమాట! నాకు ఒళ్లు మండింది. అయితే నోరు తెరవలేదు. తెరిచింది తెలుగు మేడం. చేతిలోని గరిటె ఖాళీ డేక్సాలో పడేసి, "నేను సముద్రం చూడకుండా బస్సెక్కను" అంది. అంత మెల్లటి మనిషి అంత మెల్లగానే అంది. కానీ మళ్లీ పేక కలుపుతున్న జెంట్స్ చేతులు ఆగిపోయాయి.

హిందీ మేడం ముందుకొచ్చి, "బస్సు ఇప్పించండి సార్, గంటలో వచ్చేస్తాం" అంది. ఆవిడ బందరు మనిషి, ఎవరికీ జంకదు. "డ్రైవరు పడుకున్నాడమ్మా. డీజిలు ఊరికే వస్తుందా?" అన్నారాయన. "పొద్దున ఊరికే వచ్చిందేమో" అని, చెప్పులు వేసుకుని, ఆవిడ రోడ్డు వైపు నడిచింది. వెనకే తెలుగు మేడం. ఆ వెనక ఎల్కేజీ టీచరు, మిగతావాళ్లూ. నేనూ పెద్ద వీరవనితలా కదిలాను కానీ, గేటు దాకా వెళ్లాక మనసాగక వెనక్కి పరుగెత్తుకొచ్చి, మజ్జిగ గిన్నె మీద మూత పెట్టి మళ్లీ వెళ్లాను. (తిరుగుబాటు తిరుగుబాటే, ఈగలు ఈగలే.)

ఎండలో కాస్త దూరం నడిచామో లేదో వెనక నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. కోడూరులో చేపలమ్ముకుని పాలకాయతిప్ప వైపు తిరిగి వెళ్తున్న ఆడవాళ్లు దాన్నిండా ఉన్నారు. "ఏడకి అమ్మా, ఎక్కండి!" అని జరిగి చోటిచ్చారు. మిగిలిపోయిన చేపల గంపల వాసనకి నాకు కళ్లు తిరిగాయి. తెలుగు మేడం సంగతేమిటా అని చూశాను, ఆవిడ కార్తీకమంతా ఉల్లిపాయ కూడా ముట్టదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గంప పక్కనే చతికిలబడింది. "మేడం, కార్తీక మాసం..." అని హిందీ మేడం నసిగితే, "ఊరుకోండి. ఈ చేపలన్నా సముద్రం చూశాయి, నాకంటే నయం" అంది.

"మీ మగోళ్లేరమ్మా?" అని అడిగింది గంప యజమానురాలు. 

"తిని పడుకున్నారు" అంది ఎల్కేజీ టీచరు.

"అయితే మీరూ మా బాపతేనన్నమాట!" అని ఆవిడ పగలబడి నవ్వింది. ట్రాలీ అంతా నవ్వింది.

సముద్రం కనిపించగానే అందరికంటే ముందు తెలుగు మేడం ట్రాలీ దిగింది. ఇసుకలో నెమ్మదిగా నడిచి, మొదటి అల పాదాలకు తగిలే చోట ఆగిపోయింది. మేం భయపడ్డాం, ఏడుస్తుందేమోనని. ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎప్పుడడిగినా 'ఏముందే అక్కడ, ఉప్పు నీళ్లేగా' అనేవారే మా ఆయన" అంది. తర్వాత గొంతు పెంచింది. "ఇంతుందటే పిల్లా! ఇంతుంటే ఒక్కడూ చెప్పలేదేమే నాకు!" అని అరిచింది. అది సంతోషమో కోపమో నాకు తెలియలేదు. ఆవిడ అలా అరుస్తూనే, కట్టుకున్న జరీ చీరతో, నీళ్లలో కూర్చుండిపోయింది. మేం అందరం చుట్టూ కూర్చున్నాం. అల వచ్చినప్పుడల్లా ఒకరి మీద ఒకరం పడ్డాం.

తర్వాత ఇసుకలో కూర్చుని చీరలు ఆరబెట్టుకుంటుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. హిందీ మేడం, "పెళ్లికి ముందు నేను బందరంతా స్కూటీ మీద తిరిగేదాన్ని. ఇప్పుడు మా ఆయన వెనక కూర్చుంటాను. ఎదురుగా ఏదన్నా వస్తే నా చేతి వేళ్లు వాటంతటవే బ్రేకు నొక్కుతాయి, ఆయన నడుం మీద" అంది. ఎల్కేజీ టీచరు, "కోడికూరలో లెగ్ పీసు ఎలా ఉంటుందో పెళ్లయ్యాక మర్చిపోయానండీ" అని చెప్పి, కార్తీక మాసంలో ఆ మాటన్నందుకు నాలిక కరుచుకుంది. నవ్వలేక చచ్చాం. నవ్వుతూ నవ్వుతూనే ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "ఇన్నాళ్లూ ఇది ఎవరింట్లో సంగతి వాళ్లదే అనుకున్నాం కదే" అంది తెలుగు మేడం. నాకప్పుడు ఆ అమృతం మాట గుర్తొచ్చి కోపం వచ్చింది. నన్ను లెక్కలు చెప్పడానికి తీసుకుని, వంటకి మెచ్చుకుంటే, నేను దాన్ని బిరుదులా ఊరంతా మోసుకు తిరిగానా! ఆ కోపం నా మీద కొంత, వాళ్ల మీద చాలా.

పొద్దు వాలుతుండగా బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కరస్పాండెంటు గారు దిగి, "ఇదేనా ఆడవాళ్లు చేసే పని?" అన్నారు.

"కాదండీ. అందుకే చేశాం" అంది హిందీ మేడం.

బస్సెక్కి చూస్తే సామాన్లన్నీ తోమకుండానే సీట్ల మధ్య పెట్టి ఉన్నాయి. అయిదారుగురు మగవాళ్లు, అంత ఖాళీ సాయంత్రం, ఒక్క గిన్నె కడగడానికి చేతులు రాలేదు. అవనిగడ్డ దాటాక ఒక స్పీడు బ్రేకరు దగ్గర సాంబారు డేక్సా తిరగబడి, కరస్పాండెంటు గారి తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. ఎవరూ నవ్వలేదు. అందరం కిటికీల్లోంచి బయటికి చాలా శ్రద్ధగా చూశాం.

అసలు మంట మర్నాడు. కరస్పాండెంటు గారు క్షమాపణ రాసివ్వమన్నారు, మేం ఇవ్వలేదు. ఆయన ఏం చేశారంటే, మా ఇళ్లకు ఫోన్లు చేశారు. మొగుళ్లున్నవాళ్లకి మొగుళ్లకి, పెళ్లికానిదాన్ని కాబట్టి మా నాన్నకి. 'మీ అమ్మాయి ప్రవర్తన' అన్నారట! మేమేమన్నా ఒకటో తరగతి పిల్లలమా? సోషల్ సార్ పేకాడితే ఆయన పెళ్లానికి ఎవరు ఫోన్ చేశారు? మా నాన్న మగ్గం మీద నుంచి లేచి ఫోనెత్తి, అంతా విని, "సముద్రం చూడ్డం తప్పాండీ?" అని అడిగాడట పాపం, నిజంగానే తెలియక. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మర్నాడు తెలుగు మేడం బడికే రాలేదు. వాళ్లాయన మానిపించేశారని తెలిసింది.

ఆ సాయంత్రం బడి వదలగానే అందరం కలిసి వాళ్లింటికి వెళ్లాం. హాల్లో కుర్చీలు చాలక కింద కూర్చున్నాం. వాళ్లాయన ఇబ్బందిగా కండువా సర్దుకుని, "తను నన్నడిగితే నేనే తీసుకెళ్లేవాణ్ణిగా తల్లీ. ఇలా పరువు తీయడం ఎందుకు?" అన్నారు.

హిందీ మేడం, "అన్నయ్యగారూ..." అని మొదలుపెట్టేలోపు వంటింటి గుమ్మంలోంచి మాట వచ్చింది. "అడిగాను. పెళ్లయిన కొత్తల్లో అడిగాను. పిల్లాడు పుట్టాక అడిగాను. మీ అక్కయ్యవాళ్లు వెళ్తున్నప్పుడు ఏడ్చి అడిగాను. మీకు గుర్తుండదు, కూర బాగున్న రోజులే మీకు గుర్తుంటాయి." తర్వాత మేడం మా వైపు తిరిగి, "రేపు ఫస్టు పీరియడు నాదేగా? వస్తున్నాను" అంది. ఆయన మళ్లీ కండువా సర్దుకున్నారు. ఇంతమంది ఆడవాళ్లు ఇంట్లో ఉండగా వద్దనడం ఆయనకు అలవాటు లేదు.

కరస్పాండెంటు గారి గదిలోకి కూడా అలాగే అందరం ఒకేసారి వెళ్లాం. పరీక్షలు దగ్గరకొచ్చాయి, అందరినీ తీసేస్తే బడి మూసుకోవాలి. "పోనీలెండి, మీతో నాకెందుకు" అన్నారాయన, దానం చేస్తున్నట్టు. హారతి పళ్లేలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం మా చేతుల్లోంచి పోలేదు. అది వేరే యుద్ధం. అందులో కొంత గెలిచాం, కొంత ఇప్పటికీ గెలుస్తూనే ఉన్నాం.

నేనిప్పుడు బందరులో వేరే బళ్లో చెప్తున్నాను. తెలుగు మేడం రిటైరైంది. అయినా ఏటా కార్తీకంలో మేమంతా కలిసి పాలకాయతిప్ప వెళ్తాం. పులిహోర హోటల్ నుంచే. కిందటేడు నా ప్రాణం తీసి మా అమ్మ కూడా వచ్చింది. చీర మోకాళ్ల పైకి దోపుకుని నీళ్లలోకి నడుస్తుంటే నేను వెనక నుంచి కేకలు పెట్టాను. "అమ్మా, చాల్లే, ఇవతలికి రా! జారతావ్! జలుబు చేస్తుంది! చూశావుగా, ఇంకేముందక్కడ?"

అమ్మ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెప్పుడయ్యావే కరస్పాండెంటు గారివి?" అని, ఇంకో రెండడుగులు లోపలికేసింది. మా వాళ్లంతా విరగబడి నవ్వుతుంటే నేను చెప్పులు ఒడ్డున వదిలేసి, నోరు మూసుకుని, ఆవిడ పక్కకి వెళ్లి నిలబడ్డాను.