నా రక్తంలో ఎదగని పురుగు

మొన్న జ్వరమొచ్చి ప్రగతి నగర్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కి వెళ్తే, మలేరియా పరీక్ష చెయ్యాలని అక్కడి అమ్మాయి నా వేలు పట్టుకోగానే, "నా రక్తం పనికిరాదమ్మా" అనేశాను. ఆ పిల్ల నవ్వి, "ఒక్క చుక్కనే ఆంటీ, పరేషాన్ కాకుండ్రి" అంది. ఈ వయసులోనూ ఆ మాట నా నోట్లోంచి పోలేదని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

మాదాపూర్‌లో ఇంకా బండరాళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల్లో, కాకినాడ నుంచి వచ్చి అక్కడో చిన్న ల్యాబులో చేరాను. మలేరియా పరాన్నజీవిని, మా భాషలో పురుగుని, మనిషి రక్తంలో పెంచి, దాని యాంటిజెన్ అనే ప్రొటీన్‌ని విడదీసి, మలేరియా పరీక్షకి వచ్చే కొత్త కిట్లు దాన్ని పసిగడతాయో లేదో చూడటం మా పని. పురుగుకి తాజా రక్తం కావాలి గనక మాలో మేమే వంతులవారీగా ఇచ్చేవాళ్ళం. ఇచ్చినవాళ్ళకే ఆ రోజు మొదటి ఇరానీ చాయ్. కొత్తవాళ్ళు రక్తమిచ్చాకే మా మనిషి అనిపించుకునేవాళ్ళు గనక, నా వంతు వచ్చిన రోజు హాస్టల్లో అందరికీ చెప్పుకుని మరీ వెళ్ళాను.

నా రక్తం పోసిన ఫ్లాస్కులో పురుగు చచ్చిపోయింది. కిట్ల పరీక్ష ఆగిపోవడంతో, పురుగుకి పోసే ముందు రక్తకణాలు సరిగా కడగలేదని ల్యాబు నడిపే మా మేడమ్, హఫీజ్‌పేట నుంచి వచ్చే మా సీనియర్ అన్నని అందరి ముందూ కేకలేసింది. ఆవిడే మళ్ళీ నా రక్తం తీసి, తన చేత్తో కడిగి పెంచినా అదే తంతు కావడంతో, అనుమానమొచ్చి పరీక్ష చేయిస్తే, నా ఎర్రకణాల్లో పుట్టుకతోనే తేడా ఉందనీ, వాటిలో ఆ పురుగు సరిగా బతకదనీ తేలింది. మేడమ్ అన్నకి క్షమాపణ చెప్పింది.

"మంచిదే గదమ్మా, నీకు మలేరియా అంత జల్ది రాదు, ఫికర్ చెయ్యకు" అన్నాడు అన్న. ఆయన తిట్లు తిన్నది నా రక్తం వల్లే కదా అని నేను తలెత్తలేకపోయాను. ఆ తర్వాత నన్నెవరూ వంతు అడగలేదు. అన్న మాత్రం తన వంతు రోజు తనకిచ్చిన చాయ్‌ని నా ముందుకే జరిపేవాడు.

ఇప్పుడా ప్రొటీన్‌ని బాక్టీరియాలోనే తయారుచేస్తున్నారట, రక్తానికి ఎవరూ చొక్కా చేతులు మడవక్కర్లేదు. ల్యాబు ఉన్న చోట అద్దాల మేడ లేచింది, అన్న పోయి చాలా ఏళ్ళయింది. క్లినిక్‌లో స్ట్రిప్ మీద ఒక్క గీతే వచ్చింది. "మలేరియా లేదు ఆంటీ" అని ఆ పిల్ల సంతోషంగా చెబితే, మళ్ళీ నా ఫ్లాస్కులోనే పురుగు చచ్చినట్టు తల దించుకుని బయటికొచ్చాను. చాయ్ నా ముందుకు జరిపే మనిషి ఈసారి లేడు.