రేడియో ఊఁ కొట్టింది

మా మనవరాలిని ఇంట్లో అందరం రేడియో అంటాం. పుట్టగానే అందరిలా ఏడవలేదు, డాక్టరమ్మను కుశలప్రశ్నలు అడిగింది. నేను గది బయటే ఉన్నాను, నా చెవులతో విన్నాను. అలాంటి పిల్ల ఈమధ్య నోరు మూసుకోవడం నేర్పే క్లాసులో చేరింది!

భవనాల ప్లాన్లు గీయడం నేర్పే కాలేజీలో చదువుతోంది. బెంచీలో పక్కన కూర్చునే స్నేహితురాలిని అందరూ స్కేలు అంటారు. స్కేలు పెట్టకుండానే తిన్నగా గీత గీసేస్తుంది మరి. ఆ స్కేలు ఉన్నట్టుండి హాస్టల్ గది దాటి రావడం మానేసింది. రేడియో పరిగెత్తుకెళ్లి, మూసిన తలుపు ముందు నిలబడి, "లేచి స్నానం చెయ్! కాసేపు నడువు! పాటలు విను! నీకేం తక్కువే?" అంటూ ఇరవై రెండు సలహాలు ఏకధాటిగా వినిపించింది. లోపల రెండో గడియ కూడా పడింది.

ఆ చప్పుడు దాన్ని నిలవనివ్వలేదు. మనసు బాగాలేని స్నేహితులకు తోడుగా ఉండటం విద్యార్థులకు నేర్పుతామని కౌన్సెలర్ మేడం బోర్డు మీద రాయగానే, మొదటి పేరు ఇదే ఇచ్చింది. మొదటి పరీక్ష ఏమిటంటే, ఎదుటివాళ్లు చెప్పేది ఐదు నిమిషాలు అడ్డుపడకుండా వినాలి. మనది పదకొండు సెకన్లలో ఓడిపోయింది.

"తాతయ్యా, సాధన చెయ్యాలి. ఏదైనా బాధ చెప్పు," అంటూ నా ముందు బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"బాధా? చిన్నప్పుడు మా కాన్వెంటు గంట మింగేశాను. ఇప్పటికీ నేను తుమ్మితే బడి వదిలేస్తారు."

"అబద్ధం! గంట నోట్లో ఎలా..."

"ఓడిపోయావ్. కథకి ఊఁ కొట్టాలి గానీ అడ్డుపడతారా? చిన్నప్పుడు బ్రహ్మాండంగా కొట్టేదానివి!"

దాని కళ్లు బల్బుల్లా వెలిగాయి. "మేడం చెప్పేది ఇదేనా? నేనేదో కొత్త విద్య అనుకున్నా!"

ఇక వారం రోజులు ఇల్లంతా ఊఁలే. 'తర్వాతేమైంది' అనే ఊఁ, 'అయ్యో' అనే ఊఁ, 'తొందరేం లేదు, ఇక్కడే ఉన్నాను' అనే ఊఁ. ఆ మూడోది అన్నిటికన్నా కష్టం. అది పట్టుబడిన మధ్యాహ్నమే హాస్టల్‌కి వెళ్లింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. "ఇవాళ ఎన్ని సలహాలు తెచ్చావ్?" అంది స్కేలు.

"ఒక్కటీ లేదు. కూర్చోనా?"

చాలాసేపటికి స్కేలు నోరు విప్పింది. నిద్ర లేదు, పెన్సిలు పడితే చెయ్యి వణుకుతోంది, తాను లేకపోతే అందరికీ హాయి. రేడియోకి సలహాలు గొంతుదాకా తన్నుకొచ్చాయి. అన్నీ మింగి "ఊఁ" అంది. తర్వాత, క్లాసులో నేర్పినట్టే, సూటిగా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

"ఒక్కోసారి. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

వేస్తే స్నేహం మిగులుతుంది. వేయకపోతే ఆ తలుపు ఇక తెరుచుకోకపోవచ్చు.

"వెయ్యనే. తిట్టుకుంటే తిట్టుకో. నాకు నువ్వు కావాలి. ఇప్పుడే మేడం దగ్గరికి వెళ్దాం, పక్కనే ఉంటా."

స్కేలు గోడకేసి తిరిగింది. రేడియో కదల్లేదు, మాట్లాడలేదు. నేనైతే అంతసేపు ఊపిరి బిగబట్టలేను.

"జుట్టంతా చిక్కుపడిపోయిందే," అంది స్కేలు గోడతోనే. "ఇలాగేనా రావడం?"

"దువ్వెన ఎక్కడ?"

చిక్కు తీస్తుంటే ఒక పెన్సిలు, రెండు క్లిప్పులు, ఓ పిచ్చుకగూడు దొరికాయట. పిచ్చుకగూడు మాత్రం నేను కలిపాను.

గంట తర్వాత మేడం గది బయటి బెంచీ మీంచి నాకు ఫోన్. "వెళ్లింది తాతయ్యా! తలుపు తనే తోసుకొని వెళ్లింది! వాళ్లమ్మకి కూడా చెప్తుందట! రేపు డాక్టర్ దగ్గరికి నన్నే తోడు రమ్మంది!"

ఆ కేకకి మా వీధిలో చెడిపోయి నిలిచిన బస్సు దానంతటదే స్టార్టయింది. నమ్మనివాళ్లు డ్రైవర్ని అడగండి.