బంక తెగులు నుంచి తోటను, పగ నుంచి నన్ను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు సువార్తమ్మ, కంభం దగ్గర పల్లెలో బత్తాయి తోట చేసుకుంటున్నాను. మూడేళ్లపాటు నేను ప్రతి ఆదివారం మందిరంలో చప్పట్లు కొట్టి పాటలు పాడుతూనే, తోడబుట్టిన అన్న మొహం చూడకుండా బతికాను! ఆ చీకటిలోంచి దేవుడు నన్ను ఎట్లా లాగాడో చెబుతాను.

మా నాయన పోయాక తోటను అన్నకూ నాకూ చెరి సగం పంచారు. బోరు మాత్రం ఒక్కటే, ఒక రోజు ఆయనకు, ఒక రోజు నాకు. ఒక ఎండాకాలం నా వంతు రోజున అన్న మోటరు వేసుకున్నాడని పదిమందిలో నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయనా మాట తూలాడు, అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ పంతంతో నా వంతు వచ్చినప్పుడల్లా, చెట్లకు అవసరం ఉన్నా లేకపోయినా పొద్దస్తమానం నీళ్లు వదిలేదాన్ని, మొదళ్ల చుట్టూ మడుగు కట్టినా సరే, బోరులో అన్నకు చుక్క మిగలకూడదు!

రెండో ఏడు వానలు వెలిసేసరికి చెట్ల మొదళ్లు పగిలి బంక కారడం మొదలైంది. ఆకులు పసుపెక్కాయి, పిందెలు రాలాయి, కొమ్మ తర్వాత కొమ్మ ఎండింది. మార్కాపురంలో దుకాణాయన ఏ మందు ఇస్తే అది తెచ్చి ఆకులకు కొట్టాం, రోగమేమో చెట్టు మొదళ్లలో ఉంది! నాయన తన చేత్తో నాటిన చెట్లు పదకొండు నరికించాను సహోదరులారా, గొడ్డలి దెబ్బ పడుతుంటే చూడలేక ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఒక ఉదయం తోటలో మోకరించి, "తండ్రీ, ఈ చెట్లను బతికించు" అని ఏడ్చాను. కళ్లు మూసుకుంటే చెట్లు కాదు, మా అన్న మొహం కనబడింది. ముందు ఆయన దగ్గరికి వెళ్లమని నా మనసులో ఒకటే పోరు. మూడు రోజులు మొండికేశాను. నాలుగో రోజు, "ప్రభువా, నావల్ల కాదు, నా కాళ్లను నువ్వే నడిపించు" అని లేచి గట్టు దాటాను. అన్న పాదులు తవ్వుతున్నాడు.

"అన్నా, తప్పు నాదే, నన్ను క్షమించు" అన్నాను.

ఆయన పార పక్కన పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. "ఏడాది నుంచి చూస్తానే ఉండా చెల్లే. నీళ్లు నిలబడి నీ చెట్ల మొదళ్లు కుళ్లిపోతా ఉండాయి. చెబుదామని ఎన్నిసార్లో గట్టు దాకా వచ్చినా. నువ్వు మొహం తిప్పుకుంటివి, నేనూ పంతానికి పోయి తిరిగిపోయినా. నాది గూడా తప్పే."

ఇద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చాం.

ఆ రోజే ఆయన కత్తి తీసుకుని నా తోటలోకి వచ్చాడు. మొదళ్ల దగ్గర మట్టి తీసి, కుళ్లిన బెరడు శుభ్రంగా గీకాడు. మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి గీకిన చోట పూయాలంటే నేను ఇనుప బకెట్ తెచ్చాను.

"ఏందమ్మే, ఇనప బకెట్ తెచ్చినావు? మైలుతుత్తం దాన్ని తినేస్తది, ప్లాస్టిక్‌ది తే పో!" అని కసిరాడు.

మూడేళ్ల తర్వాత మా అన్న నన్ను కసిరాడు! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రతి చెట్టుకూ కాండం చుట్టూ మట్టి ఎగదోసి, నీళ్లు మొదలు తాకకుండా బయట ఇంకో పాదు చేయించాడు. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి పూత పూయమన్నాడు, అట్లాగే చేశాం. ఇంకో నాలుగు చెట్లు దక్కలేదు, అబద్ధం చెప్పను. మిగిలినవన్నీ చిగురించాయి, ఈ ఏడు కొమ్మలు వంగేలా కాశాయి! స్తోత్రం! మహిమంతా దేవునికే!

ప్రియులారా, నా దేవుడు చెట్టుకు మందు చూపించకముందే నా గుండెలో కుళ్లు గీకేశాడు. ఆయన్ను నమ్మండి, మీ ఇంటి పగ ఆయనకు పెద్దది కాదు. ఇప్పుడు మా అన్న బయట ఆటోలోంచి బత్తాయిలు దించుతున్నాడు. ప్రార్థన అయ్యాక అందరూ తలా ఒకటి తీసుకోండి. మీతో మాటల్లేని మనిషి ఎవరైనా ఉంటే మాత్రం రెండు తీసుకోండి, రెండోది ఈ పొద్దే వాళ్ల చేతిలో పెట్టండి.