అతిథి నడిపిన ఇంటర్వ్యూ

గచ్చిబౌలిలో మా చిన్న కమ్యూనిటీ రేడియోలో పొద్దుటి కార్యక్రమం నాది. ఆరోజు అతిథి, ఆఫీసు అమ్మాయిల్ని క్యాబులో ఇళ్లకు చేర్చే ఒకామె. పాలమూరు వైపు నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో స్థిరపడ్డ మనిషి. వయసులో మా అమ్మ కంటే కాస్త చిన్న.

నాకు రెండ్రోజులుగా జలుబు. అయినా లైవ్ మొదలుపెట్టాను.

"స్టీరింగ్ మొదటిసారి ఎప్పుడు పట్టుకున్నారండీ?"

"మా ఆయనకు జరమొచ్చి పండుకున్నడు. బండి ఇంటి ముంగట ఊకెనే ఉంది. ఎక్కిన."

రెండో ప్రశ్నకి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. అద్దం అవతల ఇంజనీరు కంగారుగా పాట వేయబోతుంటే, ఆమె ఆగమని చెయ్యెత్తింది.

"ఇనేటోళ్లకు చెప్తున్న. మేడం గొంతు కూసుంది, ఇగ నేనే మాట్లాడ్త. బిడ్డా, అవునంటే బల్ల మీద ఒకసారి కొట్టు. కాదంటే రెండుసార్లు. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

రెండుసార్లు కొట్టాను.

"మీ అమ్మ ఇంటున్నదా ఇది?"

ఒకసారి. కాకినాడలో అమ్మ రోజూ ఫోన్లో మా కార్యక్రమం పెట్టుకుంటుంది.

"అమ్మా, ఫికర్ చెయ్యకు. నీ బిడ్డ మంచిగుంది. దవాఖానకు నేనే తోల్కపోత."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మాత్రం తాపీగా తన కథలోకి వెళ్లింది. ఉద్యోగం పోయిన అమ్మాయి ఒకతె వెనక సీట్లో ఏడుస్తూ కూర్చుందట.

"ఏందమ్మా అని అడగలే. అద్దంల చూసుడు గూడ బంద్ చేసిన. నిదానంగ పోనిచ్చిన. కొండాపూర్ కాడ ఆమెనే చెప్పుడు షురూ చేసింది."

నేను రాసి పెట్టుకున్న ప్రశ్నల్లో ఏదీ ఆ సంగతి దాకా వెళ్లేది కాదు. ఇప్పటికీ ఇంటర్వ్యూలో అతిథి ఆగితే వెంటనే అందుకోను. కాసేపు ఊరుకుంటాను. మంచి మాటలు చాలామటుకు అప్పుడే వచ్చాయి.

కార్యక్రమం అవగానే అన్న మాట ప్రకారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. వారం మాట్లాడొద్దన్నాడాయన. అంతలో అమ్మ ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. ఇద్దరూ నన్ను మర్చిపోయి, పచ్చళ్ల దాకా వెళ్లిపోయారు.

గొంతు తిరిగొచ్చాక ఆమెకే మొదట ఫోన్ చేశాను.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలండీ?"

"రుణమేంది బిడ్డా? నాకు రేడియోల మాట్లాడాలని శాన దినాల సంది ఉండె. ఆ పొద్దు కడుపునిండ మాట్లాడిన."