సర్వపిండి వాసన

తార్నాక సందుల్లో సాయంత్రం పూట ఎవరింట్లోనైనా సర్వపిండి కాలుతుంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా నడిచేస్తాను. చూసినవాళ్ళు నాకు పొగరనుకుంటారు. అనుకోనీ. ఒకప్పుడు సర్వపిండి అంటే ప్రాణం పెట్టిన మనిషిని నేను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపి, అడుగు మందంగా ఉన్న సర్వగిన్నె లోపల చేత్తో ఒత్తి, వేలితో గుంటలు చేసి, గుంటకింత నూనె పోసి, మూతపెట్టి సన్నటి మంట మీద కాల్చేది అమ్మ. అంచు కరకరలాడేది, నడుమ మెత్తగా ఉండేది. అంచు నాకు, నడుమది అమ్మకు. మా ఇద్దరికీ ఎన్నడూ తగవు రాని విషయం అదొక్కటే.

తొంభైలలో నేను యూనివర్సిటీ లైబ్రరీలో పని చేసేదాన్ని. తార్నాకలో ఒక మేడ కింద రెండు గదుల వాటాలో నేనూ మా ఆయనా ఉండేవాళ్ళం. రొమ్ములో గడ్డ కనపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇక మూడు వారాలకోసారి మందు ఎక్కించాలన్నారు. గోల్నాకలో మా అన్న దగ్గరుండే అమ్మ, ఆ మాట వినగానే బస్సెక్కి వచ్చేసింది. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో పాతచీరలో చుట్టిన సర్వ.

"గీడ మీ గిన్నెలన్నీ పల్చగుంటయి. మాడిపోతది" అంది.

జబ్బు గురించి ఒక్క మాట అడగలేదు. జబ్బు సంగతి డాక్టరు చూసుకుంటాడు, నా కడుపు సంగతి తను చూసుకుంటుంది. అంతే ఆమె లెక్క.

ఖాళీ కడుపుతో రావద్దు, తేలిగ్గా ఏదైనా తిని రమ్మని నర్సు చెప్పింది. 'తేలిగ్గా' అన్న మాట అమ్మ చెవిన పడలేదు. మనిషి పెద్ద పని మీద గడప దాటుతుంటే ఇష్టమైనది కడుపునిండా పెట్టి పంపడం మా ఇంటి పద్ధతి. పరీక్షలకు పంపినా, ఉద్యోగం ఇంటర్వ్యూకు పంపినా సర్వపిండి పెట్టే పంపింది. రెండింట్లోనూ గట్టెక్కాను కనుక ఆమె నమ్మకానికి తిరుగు లేకుండా పోయింది. మొదటిసారి మందెక్కించుకోను వెళ్ళే పొద్దున కూడా పొయ్యి ముందు కూర్చుని కాల్చి, అంచులన్నీ విరిచి నా పళ్ళెంలో వేసింది.

"తిను బిడ్డా. వట్టి కడుపుతోని పోతే మందుకు తట్టుకోవు."

నేనూ ఆత్రంగానే తిన్నాను.

ఎర్రటి మందు ఎక్కించారు. తిరిగొస్తుంటే విద్యానగర్ దాటకముందే ఆటో ఆపమన్నాను. వెల్లుల్లి, నువ్వులు, నూనె, తిన్నదంతా నోట్లోంచీ ముక్కులోంచీ వచ్చింది. మా ఆయన వీపు రాస్తున్నాడు. ఆటో అతను మాత్రం "ఆరాంగ కానియ్యుండ్రి, జల్దీ ఏం లేదు" అని బీడీ ముట్టించుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ వాసన నా గొంతులోనే ఉండిపోయింది.

తర్వాతి రోజుల్లో నోరంతా పూసింది. ఉప్పునీళ్ళు పుక్కిలించడమే పనైంది. మంచినీళ్ళు తాగినా ఇనుప గరిటె నాకినట్టు ఉండేది. లైబ్రరీకి వెళ్ళొద్దామని బయల్దేరి, పాత పుస్తకాల వాసన గుర్తుకు రాగానే క్యాంపస్ రోడ్డు మీద చెట్ల కింద కూలబడి వెనక్కి వచ్చేశాను. జుట్టు దువ్వెనలోకి కుచ్చులుగా వచ్చేది. అందరూ జుట్టు గురించే జాలిపడ్డారు. నాకు నాలుక గురించి దిగులు. చిక్కిపోతే మందు ఆపేస్తామని డాక్టరన్నాడు. కడుపులోకి తిండి పోకపోతే నేను బతకనని అమ్మ కూడా భయపడింది.

మేడ మీద ఉండే ఇంటావిడ గుంటూరు వైపు మనిషి. ఒకరోజు చారు గిన్నె పట్టుకుని దిగివచ్చి, అమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నిగారూ, ఆ మందెక్కించే రోజు మటుకు అమ్మాయికి ఇష్టమైనవేవీ పెట్టకండి. మా మరిదికి ఇలాగే ఇడ్లీలు పెట్టి పంపించాం. ఇహ ఇడ్లీ మొహం చూస్తే ఒట్టు. చప్పిడి జావేదో ఇచ్చి పంపండి."

ఆవిడ మెట్లెక్కి వెళ్ళేదాకా అమ్మ ఆగింది. "ఇన్నవా? ఇష్టమైంది పెట్టొద్దంట! చప్పిడిది తిని పోనీకి నా బిడ్డ ఏమన్న జైలుకు పోతున్నదా?" అంది.

నోటిపూత మండుతున్నా నవ్వాను. చారు మాత్రం ఇద్దరం తాగేశాం. రెండోసారికి అమ్మ చేసిన మార్పల్లా కారం తగ్గించడమే. మళ్ళీ అదే ఆటో, అదే కక్కు.

మూడోసారి నేనింకా మంచం దిగలేదు. వంటింట్లోంచి నువ్వులు కాలే వాసన వచ్చింది. సూది పడలేదు, ఆసుపత్రి మొహం చూడలేదు. అయినా బాత్రూం దాకా వెళ్ళలేక గుమ్మంలోనే కక్కేశాను. అమ్మ నూనె చేతులతో వచ్చి నిలబడింది.

"ఏమైంది బిడ్డా? ఇయ్యాల మిరపకాయ అసలు ఎయ్యనే లేదు గదా?"

"అది అవతల పారెయ్ అమ్మా!" అని అరిచాను.

అమ్మ పొయ్యి ఆర్పేసింది. నేను పైనుంచి ఇంటావిడ పంపిన జావ తాగి వెళ్ళాను. ఆ జావ కడుపులో నిలిచింది.

నేను బతికాను. జుట్టు వంకీలు తిరిగి మరీ వచ్చింది. చింతపండు, గోంగూర, చేపలపులుసు, అన్ని రుచులూ ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి, ఇదొక్కటి తప్ప. లైబ్రరీకి వచ్చే సైకాలజీ మేడమ్‌ను అడిగితే, "ఎలుకలూ అంతేనండీ, జబ్బు చేసిన రోజు తిన్నది మళ్ళీ ముట్టవు" అని నవ్వింది. ఎలుకకైతే కాల్చిపెట్టిన అమ్మ ఉండదు కదా అనుకున్నాను.

అమ్మ సర్వ పట్టుకుని గోల్నాక వెళ్ళిపోయింది. అక్కడ కూడా దాన్ని అటక మీంచి దించలేదని వదిన చాలా రోజుల తర్వాత చెప్పింది. అడిగితే, "నా బిడ్డ తిననిది నాకెందుకు?" అనేదట. నా రుచి పోయిందంటే మందు పని. అమ్మ రుచి ఎందుకు పోవాలి? ఇంటావిడ మాట వినివుంటే అమ్మ నడుమది తింటూ ఉండేది, నేను అంచు తింటూ ఉండేదాన్ని. ఆ బాధ నాకు రొమ్ము మీది మచ్చకంటే పెద్దది.

తొంభైలు ముగిసేలోపే అమ్మ పోయింది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పిట్టకు పెట్టే రోజున, "అత్తకు ఏమిష్టముండె?" అని వదిన అడిగింది. అందరూ నా వైపు చూశారు.

"సర్వపిండి" అన్నాను.

అటక మీది సర్వ తోమి వదినే కాల్చింది. వాసన మొదలవగానే నేను అన్నవాళ్ళ డాబా మీదికి వెళ్ళిపోయి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అందరూ విస్తరి పట్టుకుని పైకి వచ్చారు. నడుమ ముక్క అందులో పెట్టారు. ఎదురుచూడాల్సిన పని లేకుండానే కాకి వాలింది.

"చూసినవా, ఎంత ఆశతోని ఉన్నదో అత్త" అంది వదిన. మిగిలింది తలా ఒక ముక్క పంచుతూ, అంచు నాకోసం తీసిపెట్టి చేతికిచ్చింది.

కాకి అమ్మ వంతు పూర్తిగా తినేసి వెళ్ళింది. నేను నా వంతు చల్లారేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. తినలేకపోయాను.