పాస్టరు ఏడుపు

మైదుకూరులో మా పక్కింటి పాస్టరుకు ఎదురుగా సెల్‌ఫోన్ ఉంటేనే ఏడుపు వచ్చేది. సువార్త పని మీద కుటుంబంతో ఆఫ్రికాకు బయల్దేరిన రోజు, సాగనంపడానికి రాజంపేట నుంచి వచ్చిన తన అక్కను పట్టుకుని బోరుమన్నాడు. తాను మూడేళ్లు ఎండలో కట్టేసిన కుక్కను కావలించుకుని ఇంకా గట్టిగా ఏడ్చి, గొలుసు నా చేతిలో పెట్టాడు.

"దీనికి ఏం పెడతాండారు?" అని అడిగాను.

"ఏదేసినా తింటాదిలేప్పా," అని కళ్లు తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "వీడియో వచ్చిందా?"

ఆమె బటన్ నొక్కడం మరిచిపోయిందట.

"సరే, ఇంకోతూరి తీద్దాం. అక్కా, ఇట్ల రా."

"చెప్తే రాదురా నాకు ఏడుపు," అని అక్క సంచీ తీసుకుని బస్టాండు వైపు నడిచింది.

ఈసారి ఆయన కుక్కను పిలిచాడు. అది నా చేతిలోని గొలుసు గుంజుకుని, తోక ఊపుకుంటూ ఆయన దగ్గరికి పరిగెత్తింది.